స్వెట్టరు మీద అరటి మరక

కిందటివారం క్రిస్టీనాని ఎక్కడ వదిలేశామో చదువుతున్నవారికి గుర్తుండే ఉంటుంది. రాజోలు దగ్గర వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక, తెర నిండా ఆ పిల్ల మొహం కనిపిస్తోంది. కొరియా యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదవడానికి ఆ సంఘం నుంచి వెళ్లిన మొదటి పిల్ల కాబట్టి, వారంవారం ఫోన్లోనే సాక్ష్యం చెప్పాలని పెద్దలు కోరారు. ఆ పిల్లా చెబుతోంది, చెట్ల నిండా పూలు పూశాయని, చలి ఇంకా తగ్గలేదని, అన్నీ దేవుని దయేనని.

నిజానికి ఆ పిల్ల కూర్చుని ఉన్నది రావులపాలెంలో, అరటికాయల షెడ్డు మీద రేకుల గదిలో. ఫిబ్రవరి ఆఖర్లో సంఘమంతా కృతజ్ఞత కూడిక పెట్టి, సెంటర్లో ఫ్లెక్సీ కట్టి, విమానం ఎక్కించిన మాట వాస్తవమే. అక్కడ దిగిన మాటా వాస్తవమే. కానీ అక్కడి అధికారి ఒక కాగితం చూపించి, సీటు వద్దని నువ్వే ఉత్తరం రాశావు గదా, మళ్లీ ఎందుకొచ్చావు అని అడిగాడు. ఆ ఉత్తరం తాను రాయలేదని ఎంత ఏడ్చినా వినలేదు. తరవాతి విమానంలో తిప్పి పంపేశారు. ఫ్లెక్సీ ఇంకా దింపని ఊళ్లోకి ఏ మొహంతో వెళుతుంది. స్నేహితురాలు సాయిదుర్గ కాళ్లావేళ్లా పడి, వాళ్ల నాన్న షెడ్డు మీద గదిలో దాక్కుంది. రెండు నెలలుగా అదే ఆ పిల్ల కొరియా.

ఇక ఆ ఆదివారం, పూల సంగతి చెబుతూ క్రిస్టీనా చెయ్యెత్తింది. ముందు వరసలో కూర్చున్న మేనత్త జ్ఞానమ్మ లేచి నిలబడి, "ఆ చెయ్యి ఒకసారి ఇటు చూపించమ్మా" అంది. చూసింది. "సరే తల్లీ, వందనాలు" అని కూర్చుంది. మనం అక్కడే ఆగాం.

జ్ఞానమ్మ మూడు రోజులు ఆగింది. బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు రావులపాలెంలో బస్సు దిగింది.

ఆ సమయానికి క్రిస్టీనా గదిలో స్టూలెక్కి కిటికీకి దుప్పటి కడుతోంది. బుధవారం మూడున్నరకి కువైట్‌లో ఉన్న వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది. అప్పుడు కువైట్‌లో ఒంటిగంట, మేడమ్ నిద్రపోయే వేళ. కొరియాలో ఏడు, పొద్దుగూకే వేళ. కాబట్టి కిటికీలో ఎండ కనపడకూడదు. ఫ్యాను తిరగకూడదు, పక్కమీద దుప్పటి అంచు ఎగిరితే చలికాలం కథ చెడిపోతుంది. గోడకి కొరియా అక్షరాల క్యాలెండరు తగిలించి, అమలాపురంలో కొన్న నీలం స్వెట్టరు మంచంమీద సిద్ధంగా పెట్టుకుంది. పైన రేకులు, కింద షెడ్డు, ఏప్రిల్ ఎండ. ఆ గదిలో స్వెట్టరు వేసుకునేవాళ్లకి పిచ్చయినా ఉండాలి, ప్రాణం మీదికైనా వచ్చుండాలి. ఈ పిల్లకి రెండోది.

కింద షెడ్డు యజమాని సత్యదుర్గారావు గొంతు వినిపించింది. "ఆయ్, అమ్మాయి పైనే ఉందండి. మెట్లు జాగర్తండి, జిగురు పడి జారతాయి. ఓ పండు పుచ్చుకుని వెళ్లండి, చక్కెరకేళి."

ఎవరో మామూలు మనిషి అనుకుంది క్రిస్టీనా. తలుపు తోసుకుని ముందు గొడుగు వచ్చింది. ఆ గొడుగు ఆ పిల్లకి ఒకటో తరగతి నుంచి తెలుసు.

"వందనాలమ్మా," అంది జ్ఞానమ్మ. ఆయాసం తీర్చుకుని, గదంతా ఒకసారి చూసింది. "కొరియాకి ఇంత దగ్గరదారి ఉందని తెలీక పిల్లలందరూ విమానాలెక్కుతున్నారు."

క్రిస్టీనా చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. స్టూలు దిగాలో వద్దో తెలియలేదు.

"దిగు పింకీ, పడతావు. ఆ దుప్పటెందుకు కడుతున్నావు?" అంది, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతోనే.

"చీకటి కోసం అత్తయ్యా."

"ఓహో. అక్కడిప్పుడు పొద్దుగూకుతోంది గదా. టైము లెక్క తప్పలేదు. చిన్నప్పుడు లెక్కలు చెప్పింది నేనేలే."

ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, పండు ఒళ్లో పెట్టుకుని, చేతిసంచిలోంచి చేతిగుడ్డ తీసి మొహం తుడుచుకుంది. ఆవిడ కోపంగా లేదు. అదే క్రిస్టీనాకి వణుకు పుట్టించింది. ముప్పయ్యేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన జ్ఞానమ్మ బడిలో ఏ పిల్లవాడినీ కొట్టలేదు. ఊళ్లో ఆవిడకి ఉన్న మంచిపేరు దానివల్లే. తప్పు చేసినవాణ్ణి బల్లెక్కించి, ఆ తప్పు ఎలా చేశాడో క్లాసంతటికీ చేసి చూపించమనేది. వాడు చేసి చూపించేవరకు అందరూ నవ్వాలి. నవ్వనివాణ్ణి కూడా బల్లెక్కించేది. దానికన్నా నాలుగు దెబ్బలే నయమని ఏడ్చిన పిల్లలు ఇప్పటికీ ఆ ఊళ్లో పెద్దమనుషులై తిరుగుతున్నారు.

"నిన్ను చెయ్యి చూపించమన్నానా ఆదివారం," అంది జ్ఞానమ్మ. "బొటనవేలి పక్కన నల్లగా. స్వెట్టరు చేతి అంచున నల్లగా. చూసినవాళ్లు సిరా అనుకునుంటారు. నేను, మీ నాన్న అరటితోటల్లో కూలికెళ్లి పెరిగినవాళ్లం. మా అమ్మకి కాస్త మంచి చీరంటూ ఒక్కటే ఉండేది, దానికీ ఈ మరకే. గెల నరికినప్పుడు కారే జిగురు అంటిందంటే ఏం పెట్టి ఉతికినా పోదు. కొరియాలో అరటితోటలున్నాయేమోనని పుస్తకంలో కూడా చూసేను. లేవు."

క్రిస్టీనా తన చేతుల వైపు చూసుకుంది. ఊరికే కూర్చుని తినడం సిగ్గనిపించి, పొద్దుటిపూట షెడ్డులో గెలల నుంచి ఒక్కో వరస కాయల్ని అత్తాలుగా కోసి పెట్టెల్లో సర్దేది. ఎవరూ కొయ్యమనలేదు. సాయిదుర్గ వద్దని కూడా అంది. ఆ పనే ఇప్పుడు పట్టించింది.

"మీ క్లాసులో అరటికాయల షెడ్డున్న పిల్ల ఒక్కర్తేగా. బస్సెక్కి వచ్చేసేను."

"అమ్మకి చెప్పకండి అత్తయ్యా. మీ కాళ్లు పట్టుకుంటాను."

ఊరికే అనడం కాదు, నిజంగానే పట్టుకుంది. నాన్న ఇశ్రాయేలు చనిపోయినప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల. అమ్మ కరుణ కువైట్‌లో ఇంటిపనికి వెళితే, పదకొండేళ్లు అన్నం పెట్టి తలదువ్వింది ఈ అత్తే. ఆ దువ్వడంలో కూడా చిక్కుపడితే జుట్టు తెగేదాకా లాగేది గానీ, దువ్వింది.

"నేనెందుకు చెప్తానే. లే. కాళ్లకి జిగురు అంటుతుంది." జ్ఞానమ్మ పాదాలు వెనక్కి తీసుకుంది. "ఇవాళ మీ అమ్మ నిన్నో మాట అడుగుతుంది. ఏం అడుగుతుందో తెలుసా?"

తెలుసు. ఆ మాట కోసమే క్రిస్టీనా వారం నుంచి నిద్రపోలేదు. కువైట్‌లో అమ్మ ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇంకో రెండేళ్లకి కాగితం మీద సంతకం పెడుతుందో, ఇంటికొచ్చేస్తుందో మేడమ్‌కి ఇవాళ చెప్పాలి. అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. నేల తుడవడానికి కూర్చుంటే లేవలేక గోడ పట్టుకుంటోందని వీడియోలో కనపడుతూనే ఉంది. క్రిస్టీనా ఒక లెక్క వేసుకుంది. ఇవాళ అమ్మని వచ్చెయ్యమని చెప్పాలి. జూన్‌లో సెమిస్టర్ అయిపోతుంది కాబట్టి తనూ కొరియా నుంచి వచ్చినట్టు వచ్చెయ్యాలి. అబద్ధం దానంతట అదే అయిపోతుంది, అమ్మ ఇంట్లో ఉంటుంది. రెండు నెలలుగా ఆ పిల్లని బతికిస్తున్నది ఆ జూన్ నెలే.

"యూనివర్సిటీవాళ్లు రెండేళ్లుండి కోర్సంతా అక్కడే చెయ్యమంటున్నారని చెప్పు," అంది జ్ఞానమ్మ. "సంతకం పెట్టమని చెప్పు."

"అత్తయ్యా, అమ్మకి మోకాళ్లు…"

"మోకాళ్లు నాకూ ఉన్నాయి."

"అమ్మ వస్తే మీకేం కష్టం అత్తయ్యా?"

జ్ఞానమ్మ దాచుకోలేదు. "వచ్చే నెల్లో జాషువా పెళ్లి. పిల్లతరఫువాళ్లు ఇల్లు చూసి ఒప్పుకున్నారు. ఎవరి ఇల్లని అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు మీ అమ్మ పెట్టె పుచ్చుకుని గుమ్మంలో దిగితే నేను నా కొడుకునీ కోడల్నీ తీసుకుని ఎక్కడికెళ్లాలి? కట్టింది మీ అమ్మే. పదకొండేళ్లు ఆ ఇంట్లో దీపం పెట్టింది నేను. రెండేళ్లడుగుతున్నాను, అంతేగా."

"చెప్పకపోతే?"

"ఆదివారం తెరమీద నువ్వు మాట్లాడతావు గదా. ఈ ఆదివారం మైకు దగ్గర నేనుంటాను. పాస్టరుగారూ, పెద్దలూ, మీ అమ్మతో పాటు కువైట్‌లో పనిచేసే అక్కాచెల్లెళ్లందరూ ఫోన్లో చూస్తారు. రెండు నెలలు దేవుని మందిరంలో నిలబడి అబద్ధ సాక్ష్యం చెప్పేవు. దానికి నేను పేరు పెట్టక్కర్లేదు, వాళ్లే పెడతారు."

క్రిస్టీనాకి ఏడుపు తన్నుకొచ్చింది. "నేను కావాలని చెయ్యలేదత్తయ్యా. ఆ సీటు ఎలా పోయిందో నాకిప్పటికీ తెలీదు. వాళ్లని ఎంత బతిమాలేనో."

"ఎంత బతిమాలితే ఏం లాభం. తల్లికి జబ్బు చేసింది, రాలేనని రాస్తే ఎవడైనా సీటు ఉంచుతాడా." జ్ఞానమ్మ గోడ గడియారం చూసింది. "స్వెట్టరు వేసుకో. టైమయింది."

"మీరు కిందికి వెళ్లండి. నేను మాట్లాడతాను."

"ఇక్కడే కూర్చుంటాను. టీచర్ని గదా, పాఠం ఎలా చెప్తావో చూడాలి."

కుర్చీని కిటికీ కిందకి, ఫోనుకి అందని మూలకి జరుపుకుంది. ఒళ్లో పండు తీసి తొక్క వలవడం మొదలుపెట్టింది. క్రిస్టీనా ఫ్యాను ఆపి, స్వెట్టరు తొడుక్కుని, మంచంమీద కూర్చుంది. ఫోను మోగింది.

తెరమీద అమ్మ. వంటింటి పక్క చిన్న గదిలో, బట్టలుతికే మిషన్ దగ్గర నేలమీద కూర్చుని ఉంది. తలకి గుడ్డ కట్టుకుని ఉంది. ఎప్పటిలాగే ముందు నవ్వింది.

"పింకీ, తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

"అన్నం, సూపు. ముల్లంగితో పచ్చడేదో పెట్టేరు."

మూలనుంచి జ్ఞానమ్మ తల ఊపింది, సరైన జవాబు చెప్పిన పిల్లకి ఊపినట్టే. క్రిస్టీనా వీపుమీద చెమట ధారకట్టింది. నుదుటిమీది చుక్క కనురెప్పమీద పడింది.

"చెమట పట్టిందేంటమ్మా?"

"హీటరు ఎక్కువ పెట్టేరమ్మా."

"అలాగా. చలి అంతుందా ఇంకా?"

"ఉందమ్మా."

జ్ఞానమ్మ నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. క్రిస్టీనాకి ఆ క్షణంలో బల్లెక్కిన పిల్లలందరూ గుర్తొచ్చారు. తను కూడా వాళ్లని చూసి నవ్వింది, నవ్వకపోతే తనని ఎక్కిస్తారని. ఒకసారి ఒక పిల్లవాడు బల్లమీదే లాగు తడుపుకున్నాడు. అప్పుడు కూడా నవ్వింది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎన్నడూ తలుచుకోలేదు.

"సరే విను," అంది కరుణ. పక్కనుంచి ఒక కాగితం తీసి చూపించింది. "మేడమ్ లేచేలోపు తేల్చాలి. సంతకం పెట్టనా, ఇంటికొచ్చెయ్యనా? నీ చదువుకి ఎలా కావాలో చెప్పు. నువ్వేం చెప్తే అదే."

వచ్చెయ్యమ్మా. ఆ ఒక్క మాట కోసం వారం నుంచి గొంతు సవరించుకుంటోంది ఆ పిల్ల. నాలుకదాకా వచ్చింది కూడా. జ్ఞానమ్మ పండు కొరకడం ఆపి, రెండు వేళ్లు పైకెత్తి చూపించింది.

క్రిస్టీనా కళ్లముందు చర్చి, ముందు వరస, మైకు కనిపించాయి. కువైట్‌లో ఫోను పట్టుకుని ఒకచోట చేరే ఆడవాళ్లు కనిపించారు, వాళ్లమధ్య అమ్మ. భయపడింది. ఇక్కడ ఆ పిల్లని వెనకేసుకు రావడం నావల్ల కాదు. భయపడింది, అమ్మనే అమ్మేసింది.

"రెండేళ్లుండమంటున్నారమ్మా ఇక్కడ. కోర్సంతా చెయ్యొచ్చంట." ఇంక గొంతు తనది కాదనిపించింది. "సంతకం పెట్టెయ్యమ్మా."

కరుణ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని దాని మడత సరిచేసింది. వెనకాల మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"పెట్టెయ్యమంటావా."

"నీ మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?"

"నాకేం, బానే ఉన్నాను. నాకు జబ్బని నీతో ఎప్పుడైనా అన్నానా? ఎవరైనా అన్నారా నీతో, మీ అమ్మకి జబ్బు చేసిందని?"

అనలేదు అనబోయింది క్రిస్టీనా. నోరు సగంలో ఆగిపోయింది.

అన్నారు. ఇప్పుడే, ఈ గదిలో, పదినిమిషాల కిందట. తల్లికి జబ్బు చేసింది, రాలేనని రాస్తే. విమానాశ్రయంలో ఆ అధికారి చూపించిన కాగితంలో ఉన్నది ఆ ముక్కే. తన పేరుతో, తన ఈమెయిల్ నుంచి వెళ్లిన ఉత్తరంలో, తల్లి అనారోగ్యం కారణంగా అని ఉంది. అమ్మ పేరు పక్కన ఆ మాట చూడ్డమే అపశకునమనిపించి, దాని గురించి క్రిస్టీనా ఎవరికీ చెప్పలేదు. సాయిదుర్గకి కూడా సీటు రద్దయిందనే చెప్పింది గానీ, కారణం ఏం రాసి ఉందో చెప్పలేదు. ఆ ముక్క తెలిసినవాళ్లు ఇద్దరే ఉండాలి, చదివిన తను, రాసినవాళ్లు. దరఖాస్తు పెట్టినప్పుడు కాగితాలన్నీ కంప్యూటరులో ఎక్కించింది జాషువా. పాస్‌వర్డు కూడా బావే పెట్టి ఇచ్చాడు.

"అత్తయ్యా," అంది క్రిస్టీనా, ఫోనులో అమ్మ ఉందని తెలిసే. "ఆ ఉత్తరంలో జబ్బని రాసినట్టు మీకెలా తెలుసు?"

జ్ఞానమ్మ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి. వేలు పెదాలమీద పెట్టుకుంది. తరవాత ఆ వేలితోనే ఫోను వైపు చూపించి, కట్టెయ్యమని సైగ చేసింది.

క్రిస్టీనా కట్టెయ్యలేదు. ఫోను తిప్పింది. కిటికీ కింద కుర్చీ, దానిమీద జ్ఞానమ్మ, చేతిలో సగం తిన్న చక్కెరకేళి, ఒళ్లో తొక్క, అంతా అమ్మకి కనపడేలా పట్టుకుంది. ఇంకో చేత్తో కిటికీకి కట్టిన దుప్పటి లాగేసింది. రావులపాలెం ఎండ గదిలో పడింది. కింద లారీ ఒకటి హారను కొట్టింది.

"చూడమ్మా. ఇదీ నా కొరియా. రెండు నెలలుగా ఇక్కడే ఉన్నాను. నన్ను పంపేసేరు. సీటు వద్దని నా పేరుతో ఉత్తరం రాసింది అత్తయ్య. ఇప్పుడు నీతో రెండేళ్లని అబద్ధం చెప్పించింది కూడా అత్తయ్యే."

అరుస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. కరుణ తలగుడ్డ సరిచేసుకుంది.

"వందనాలు వదినగారూ," అంది. "పండు బావుందాండి?"

జ్ఞానమ్మ నోట్లో ఉన్నది మింగలేకపోయింది.

"ఆ మరక మీరు ఆదివారం చూసినట్టున్నారు. నేను మొదటి వారమే చూసేను. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఆ రావులపాలెం మార్కెట్లోనే గెలలు మోసేను వదినగారూ, మీరు మర్చిపోయేరు." తరవాత కరుణ గొంతు కూతురి వైపు తిరిగింది. "పింకీ, వారంవారం అడిగేను, బావున్నావా అని. నీ అంతట నువ్వు చెప్తావని చూసేను. ఇవాళ కాగితం కూడా చూపించేను, అప్పుడైనా వచ్చెయ్యమంటావని. రెండేళ్లుండమన్నావు."

"అమ్మా…"

"అది ఉత్త కాగితమేనే. టిక్కెట్టు ఎప్పుడో తీసేసుకున్నాను. శనివారం దిగుతాను. వదినగారూ, మీరు సామాను సర్దుకోడానికి మూడు రోజులుంది. జాషువా పెళ్లి వేరేచోట చేసుకుందాం, నేను కూడా వచ్చి అక్షింతలేస్తాను."

జ్ఞానమ్మ లేచింది. ఒళ్లోని తొక్క కింద పడింది. ఆవిడ గొంతు వణకడం క్రిస్టీనా పుట్టిన తరవాత వినడం ఇదే మొదటిసారి. "కరుణా, ఇల్లు నీదే, వెళ్లిపోతాను. ఇంకో మాట మాత్రం పిల్లకి చెప్పకు. నా మాట విను."

"చెప్పాలి వదినగారూ. పిల్ల మిమ్మల్ని అన్నది. చెయ్యనిదానికి మాట పడకూడదు కదండి మీరు."

కరుణ గోడ పట్టుకుని, మోకాలిమీద చెయ్యేసి, మెల్లగా లేచి నిలబడింది. మొహం తెరకి దగ్గరగా వచ్చింది. కోపం లేదు అందులో. అలిసిపోయి ఉంది.

"ముందా స్వెట్టరు విప్పెయ్యి తల్లీ, ఉడికిపోతున్నావు," అంది. "ఆ ఉత్తరం జాషువా పంపేడు, మీ అత్త పంపించింది. ఏం రాయాలో చెప్పి పంపమన్నది నేను."